గుర్రంకొండ కింద రంగిన్ మహల్

కలకడలో టమోటా మార్కెట్టు దగ్గర టీ తాగుతూ గుర్రంకొండ బస్సు ఎప్పుడని అడిగితే అంగడాయన నవ్వాడు. "ఆడేముంది సామీ, పాడుబడిన కోట!" మదనపల్లెలోనూ ఇదే మాట చెప్పారు. ఈ వైపు జనానికి చూడదగ్గ చోటంటే హార్సిలీ హిల్స్, కాదంటే తిరుమల. నేను పోతున్నది మాత్రం ఆ పాడుబడిన కోట కోసమే.

అంతకుముందే ములకలచెరువు దగ్గర సోంపల్లె చెన్నకేశవస్వామి గుడి చూసి వచ్చాను. విజయనగర కాలపు పని. ముందు ఆకాశానికి నిక్కిన ఏకశిలా దీపస్తంభం, లోపల కన్ను తిప్పుకోనివ్వని కల్యాణమండపం. చెక్కడాల సంగతి అందరూ రాసిందే. నన్ను పట్టుకున్నది వేరే. నిలువు స్తంభం, దాని మీద అడ్డదూలం, ఆపైన బండపరుపు. బరువంతా నిటారుగా కిందికి దిగుతుంది. రాతిదూలం ఎంత పొడవుంటే స్తంభాల మధ్య ఎడం అంతే. మండపంలో ఎటు తిరిగినా స్తంభం అడ్డొస్తుంది మరి.

మదనపల్లె లాడ్జిలో దోమలతో రాత్రి గడిచింది. కలకడ మీదుగా చుట్టు తిరిగి గుర్రంకొండలో దిగేసరికి ఎండ ముదిరింది. బస్సంతా టమోటాల ధర గురించే మాటలు. ఊరి నెత్తిన కొండ, ఒంటి మీద చెట్టూ చేమా పెద్దగా లేని నల్లటి బండ. ఆ బండ కింద, కోటగోడ లోపల, రంగిన్ మహల్.

ఎదురుగా నిలబడగానే సోంపల్లె గుర్తొచ్చింది. రాయి అదే. పనివాళ్ళూ ఈ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే అయుంటారు. బరువు మోసే తీరు మాత్రం పూర్తిగా మారిపోయింది. ఇక్కడ దూలం స్థానంలో కమాను వచ్చింది. కమాను పైబరువును పక్కలకు తోస్తుంది. ఆ తోపుడుకు నిలవాలంటే గోడలు మందంగా ఉండాలి. ఆ మందం పుణ్యమా అని బయట మాడు మాడిపోతున్నా లోపల చల్లగా ఉంది. నడుమ స్తంభాల గొడవ లేదు. మేడ మీదికెక్కి కమాను కింద కూర్చుంటే గాలి ఆగకుండా వీస్తోంది. ఇంత సుఖమైన గది నాకు ఈ ప్రయాణంలో దొరకలేదు. లాడ్జి కట్టినాయన ఒకసారి ఇక్కడికొచ్చి చూసుకుంటే బాగుండును.

నీడన కూర్చున్న ఒక పెద్దాయన నేను గోడ తడిమి చూడడం గమనించాడు.

"సిమెంటు కాదు నాయనా అది. గానుగ సున్నం."

"నున్నగా ఎట్లా వచ్చింది చాచా?"

"బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు పోసి తిప్పేవాళ్ళంట. మా దాదా చెప్పేవాడు. ఇప్పుడెవురు చేస్తారు?"

ఆ నున్నటి గోడ మీదే జంట పేర్లు, బాణం గుచ్చిన గుండెలు మేకులతో గీసి ఉన్నాయి.

ఈ కోట చేతులు మారిన కథ పెద్దది. కడప నవాబులు, మరాఠాలు, మైసూరువాళ్ళు, నిజాం, చివరికి ఈస్టిండియా కంపెనీ. అందులో నాకు నచ్చిన మనిషి మీర్ రజా అలీ ఖాన్. హైదర్ అలీకి బావమరిది, టిప్పుకు మేనమామ. 1767లో మాధవరావు పేష్వా దండెత్తి వచ్చినప్పుడు శిరా కోటను అప్పగించి, బదులుగా తన పూర్వీకుల గుర్రంకొండను దక్కించుకున్నాడు. సొంత ఊరి కోసం బావనే వదులుకున్నాడన్నమాట. తర్వాత మళ్ళీ హైదర్ పంచన చేరి, 1781లో పరంగిపేట యుద్ధంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. 1799లో టిప్పు పడ్డాక ఈ సీమ నిజాం వంతుకొచ్చింది. మరుసటేడే ఆయన దీన్ని దత్తమండలాల్లో కలిపి కంపెనీకి ఇచ్చేశాడు.

బస్టాండు దగ్గర రాగిసంకటి, చెనక్కాయల ఊరిబిండి తిని మీర్ సమాధి చూడబోయాను. ఊళ్ళోవాళ్ళు మక్బరా అంటారు. సంకటి కాస్త గట్టిపడింది గానీ ఊరిబిండికి వంక పెట్టలేను.

మక్బరా లోపల నిలబడి తలెత్తితే గుమ్మటం. కమానును గుండ్రంగా తిప్పితే గుమ్మటమవుతుంది. చదరపు గది మీద దాన్ని నిలబెట్టడమే కష్టం. ఆ చిక్కును అందరూ అబ్బురపడేంత పెద్ద ఎత్తున విప్పినవాళ్ళు ఇద్దరు గ్రీకులు, ఆంథేమియస్, ఇసిడోర్. 537లో ఇస్తాంబుల్‌లో పూర్తయిన అయా సోఫియా చర్చి వాళ్ళదే. 1453లో నగరం గెలిచిన ఒట్టోమన్ తుర్కులు దాన్ని కూల్చలేదు, మసీదు చేసుకున్నారు. వాళ్ళ మహాశిల్పి సినాన్ ఆ గుమ్మటంతో పోటీపడుతూనే తన మసీదులు కట్టాడు. ఈ మీర్ మేనల్లుడు టిప్పు 1786లో అదే నగరానికి, సుల్తాను దగ్గరికి, రాయబారం పంపాడు. తొమ్మిది వందల మందికి పైగా బయల్దేరితే జబ్బులపాలై చాలామంది దారిలోనే పోయారు. ఇస్తాంబుల్ చేరినవాళ్ళు ఆ గుమ్మటాన్ని చూడకుండా ఉండి ఉండరు.

గ్రీకుల పని తుర్కులకు పనికొచ్చింది. ఒట్టోమన్లకన్నా ముందే వేరే తుర్కుల వెంట ఈ దేశానికొచ్చిన కమాను, గుమ్మటం మన రాతిపనివాళ్ళ చేతికి అలవడ్డాయి. మహల్ ఎవరిదని ఊళ్ళో వాదించుకునేవాళ్ళు కనబడ్డారు. కట్టించింది నవాబులే కావచ్చు. రాయి ఇక్కడి కొండది, చేతులు ఇక్కడివి. నా లెక్కలో ఇది సోంపల్లె మండపానికి తోబుట్టువే.

గుర్రంకొండలో ఏమీ లేదన్న మాట నమ్మకండి. ముందు సోంపల్లె చూడండి, ఆ స్తంభాలు కళ్ళలో ఉండగానే ఇక్కడికి రండి. కొండెక్కే ఓపిక లేకపోయినా ఫర్వాలేదు, చూడవలసింది కిందనే ఉంది. పిల్లల్ని వెంట తెస్తే మేకు మాత్రం చేతికివ్వకండి. ఆ గానుగ సున్నం మళ్ళీ పూసేవాళ్ళు ఇప్పుడు దొరకరు.