25 అడుగుల వరండాలో
హైదరాబాద్‌లోని ఓ ఆసుపత్రి న్యూరాలజీ విభాగంలో, వరండా నేల మీద రెండు రంగు పట్టీలు అంటించి ఉన్నాయి. మధ్య దూరం 25 అడుగులు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లు ఒక పట్టీ నుంచి రెండో పట్టీ దాకా నడవాలి. "పడకుండా, ఎంత వేగంగా నడవగలిగితే అంత వేగంగా రండమ్మా" అంటూ ఫిజియోథెరపిస్టు స్టాప్‌వాచ్ నొక్కింది.

నడుస్తున్నావిడకు నలభై ఏళ్లుంటాయి. మాత్రలు మొదలుపెట్టక ముందు ఈ దూరానికి 14 సెకన్లు పట్టిందట. ఇప్పుడు 11. మూడు సెకన్లే కదా అనుకుంటాం. "ఇంతకుముందు సిగ్నల్ మారేలోపు రోడ్డు దాటలేకపోయేదాన్ని" అందావిడ. ఆ సెకన్ల విలువ నాకు అప్పుడు తెలిసింది.

ఈ జబ్బులో ఒంటి రోగనిరోధక శక్తే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. పొర పోయినచోట పొటాషియం మార్గాలు బయటపడతాయి. గండ్లు పడ్డ కాలువ నీళ్లు శివారు చేలకు అందనట్టే, మెదడు పంపిన సంకేతం కాలి దాకా రాకుండానే నీరసిస్తుంది. ఒళ్లు వేడెక్కితే మరీను. అందుకే వీళ్లలో చాలామందికి మన మే నెల నరకం. ఆవిడ వేసుకుంటున్న డాల్‌ఫాంప్రిడిన్ మాత్ర ఆ మార్గాలను మూస్తుంది. పోయిన పొరను మాత్రం తిరిగి తేలేదు. కొత్త దాడులు రాకుండా వాడే మందులు వేరు, వాటిని మానకూడదు.

2010లో అమెరికాలో డాల్‌ఫాంప్రిడిన్‌కు అనుమతి వచ్చింది. అందుకు ఆధారమైన రెండు పెద్ద పరీక్షల్లో నడక నిలకడగా మెరుగుపడింది ఒకదాంట్లో 35 శాతం మందికి, రెండోదాంట్లో 43 శాతం మందికి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో అది 8, 9 శాతమే. మేలు కలిగినవాళ్ల నడక వేగం సుమారు పాతిక శాతం పెరిగింది. అయితే సగానికి పైగా రోగులకు ఇది పెద్దగా పనిచేయదు. ఇక్కడి డాక్టరు ఆ మాట ముందే చెబుతారు. కొన్ని వారాలు వాడించి, మళ్లీ నడిపించి చూసి, తేడా లేకపోతే ఆపించేస్తారు. ఆశపడి వచ్చినవాళ్లకు అలా చెప్పడం తేలిక కాదు. అయినా పనిచేయని మాత్రకు నెలనెలా డబ్బు పోయించడం కన్నా అదే దయ అని నా నమ్మకం.

పది మిల్లీగ్రాముల మాత్ర, పన్నెండు గంటలకొకటి. విరవకూడదు, నమలకూడదు. ఒకటి మరిచిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోకూడదు, మోతాదు పెరిగితే మూర్ఛ రావచ్చు. గతంలో మూర్ఛ వచ్చినవాళ్లకు, కిడ్నీలు ఓ మోస్తరుగా గానీ ఎక్కువగా గానీ దెబ్బతిన్నవాళ్లకు అసలివ్వరు.

"నడక బాగుపడింది కదా సార్, ఇక మానేయొచ్చా?" అని ఆవిడ భర్త అడిగాడు.

"మానేస్తే ఈ మేలు కూడా పోతుంది బాబూ" అన్నారు డాక్టరు, కిడ్నీ పరీక్షకు చీటీ రాస్తూ.