పదకొండు రోజుల ఉజ్జీవం

గద్వాలలో సభలంటే మా తండాలో ఇంటికొకరైనా కదులుతారు. ఆ జనవరిలో కూడా ట్రాక్టరు నిండా వెళ్లాం. మూడు రాత్రులు. చలి, సౌండు బాక్సుల మోత, అంతమంది ఒక్క గొంతుతో పాడుతుంటే ఒళ్లు గగుర్పొడిచేది. చివరి రాత్రి వేదిక మీదనుంచి పిలుపు రాగానే మా తండా యువకులం పన్నెండు మందిమి ముందుకు పోయి మోకరించాం. ఏడ్చాం. ఆ ఏడుపు అబద్ధం కాదు, ఆ మాట ఇప్పటికీ చెప్పగలం.

తిరుగుదారిలో ట్రాక్టరు మీదే రెండు తీర్మానాలు చేసుకున్నాం. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి మా ప్రార్థన మందిరంలో కూడాలి. రోజూ సాయంత్రం ఆరింటికి అదే మందిరంలో బడిపిల్లలను కూర్చోబెట్టి చదివించాలి. మా తండా పెద్దవాళ్లు చాలామంది పూణెకో బొంబాయికో పనికి పోతారు. పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. వాళ్ల లెక్కలు చూసేవాళ్లు లేరు. మేము ఇంటరు, డిగ్రీ చదివినవాళ్లం. దేవుని కోసం ఇంతకన్నా మంచి పని ఏముంటుంది అనుకున్నాం.

మొదటి రోజు పన్నెండు మందిమీ ఉన్నాం. ఐదో రోజుకు ఏడుగురం. పదకొండో రోజు సాయంత్రం మాలో ఒక్కడే వచ్చాడు. ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతి నోటుబుక్కుతో మెట్ల మీద కూర్చుని ఉంటే, "రేపు రా" అని చెప్పి తాళం తీయకుండానే వెళ్లిపోయాడు. మాలో ఎవరూ ఎవరితోనూ గొడవపడలేదు. మిరపకోతలు, కానిస్టేబుల్ పరీక్ష, ఫోను, నిద్ర. ఆపేద్దామని కూడా ఎవరూ అనలేదు. అని ఉంటే కనీసం సిగ్గుపడేవాళ్లం.

ఆగస్టులో ఆ అమ్మాయి సీడ్ పత్తి చేనులో కనిపించింది.

మా వైపు వాళ్లకు చెప్పనక్కర లేదు కానీ, ఇతర జిల్లాల ఉపాధ్యాయుల కోసం ఆ పని గురించి కాస్త చెబుతాం. గద్వాల చుట్టుపక్కల పత్తిని విత్తనం కోసం పండిస్తారు. మర్నాడు విచ్చబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి వెతికి పట్టుకుని, గోటితో దాని రేకలు, లోపలి పుప్పొడి భాగం తీసేసి, గుర్తు పెట్టి వస్తారు. తెల్లారి మగచెట్ల పువ్వు తెచ్చి దాని పుప్పొడి ఈ మొగ్గకు రుద్దుతారు. దీన్ని క్రాసింగ్ అంటాం. వారాల తరబడి ఒక్క రోజు కూడా తప్పకుండా సాగాలి. పత్తి పువ్వుకు ఉండేది ఒక్క పొద్దే. మర్నాటికి గులాబి రంగుకు తిరిగి ముడుచుకుపోతుంది. నిన్న రాలేదు, ఇవాళ రెండింతలు చేస్తానంటే అది వినదు. అందుకే ఆ పనికి చిన్న చేతులు కావాలంటారు, పిల్లలను బడి మాన్పిస్తారు. ఇది తప్పని మాకు తెలుసు, చేను యజమానికీ తెలుసు.

మమ్మల్ని చూసి ఆ పిల్ల తల దించుకోలేదు. "భియా, రేపు రమ్మన్నవు గదా. నాలుగు రోజులు వచ్చి కూసున్న. భిన్నాలు రాకపాయె. బడికి పోబుద్ధి కాలే" అంది, చేతిలో పువ్వు తిప్పుతూనే.

ఆమె చదువు ఆగడానికి ఇంట్లో అప్పు ఉంది, అడ్వాన్సు తీసుకున్న తండ్రి ఉన్నాడు. అంతా మా మీదే వేసుకోవడం కూడా ఒక రకం గొప్పే. కానీ ఆ నాలుగు సాయంత్రాలు మావే.

ఆ తర్వాతే మాకు మందిరం తాళంచెవి పట్టుకునే యాడి గురించి ఆలోచన వచ్చింది. ఆమె సభలకు రాదు, మేకలను ఎవరు చూస్తారంటుంది. చదువు రాదు. అందరి ముందు సాక్ష్యం చెప్పగా మేము విన్నది లేదు. రోజూ చీకటితోనే లేచి మందిరం ఊడ్చి, ఒక మూల కూర్చుని తండాలోని ఇళ్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ ప్రార్థిస్తుంది. సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టే ఇళ్లనూ వదలదు. అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం నాటికి అది ఎవరో ఒక రోగి ఇంటికి చేరుతుంది. మేము నాలుగింటికి లేచిన ఆ కొద్ది రోజులూ మందిరం శుభ్రంగానే ఉండేది. ఎవరు ఊడ్చారని పన్నెండు మందిలో ఒక్కరమూ అడగలేదు.

"ఎట్ల మానకుంట ఉంటవు యాడీ?" అని అడిగితే ఆమెకు ప్రశ్నే అర్థం కాలేదు. "మేకలకు నీళ్లు పెట్టుడు మానుతనా?" అంది.

ఉత్సాహం వద్దని మేము అనడం లేదు. గద్వాల మిషన్ 1937లో మెనోనైట్ బ్రదరెన్ వారి చేతికి రాక ముందు అమెరికన్ బాప్టిస్టులది. ఆ బాప్టిస్టుల చరిత్రలో తెలుగు దేశమంతా చెప్పుకునే రోజు ఒకటుంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మా సభల్లో కూడా తరచూ వినబడుతుంది. దాని వెనక కథ అంతగా వినబడదు. వాళ్లు నెల్లూరులో పని మొదలుపెట్టింది 1840లో. ఏళ్ల తరబడి సంఘంలో చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మిషన్ మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. 1854 మొదటి రోజున నలుగురైదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండకు ఏటికి నడుమ 24 ఏళ్లున్నాయి. 1876లో కరువు పడ్డాక క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు పట్టి వేలమందికి కూలి కల్పించాడు. అప్పుడు జనం బాప్తిస్మం ఇవ్వమని వెంటపడినా ఏడాదికి పైగా ఆపాడు. కూలి కోసం వస్తున్నారో విశ్వాసంతో వస్తున్నారో కరువు తీరాక చూద్దామన్నాడు. వేదిక మీద చేతులెత్తినవాళ్లను లెక్కపెట్టే మన కాలంలో అంత ఓపిక ఎవరికుందో!

మనలాగే గిరిజనులైన మిజోలు రెండూ కలిపి పట్టుకున్నారు. 1906లో వాళ్ల కొండల్లో పెద్ద ఉజ్జీవం లేచింది. నాలుగేళ్లకు, 1910లో, అక్కడి స్త్రీలు ప్రతిపూటా వండే ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టడం మొదలుపెట్టారు. బుహ్‌ఫై థామ్ అంటారు దాన్ని. ఇప్పటికీ ఆగలేదు. ఆ పిడికెళ్లు ఏటా కోట్ల రూపాయలై మిషన్ పనికి పోతున్నాయి. ఈ సంగతి యాడికి చెబితే, "అన్ని బియ్యం యాడ పెడ్తరు?" అంది.

మాలో కొందరు ఈ సంగతుల తర్వాత మరీ కుంగిపోయారు, మేము దేనికీ పనికిరామని. మా పాస్టరుగారు ఏలీయాను గుర్తుచేశారు. కర్మెలు మీద అగ్ని దిగివచ్చింది. కొద్దికాలానికే ఆయన అడవిలో చెట్టుకింద పడి చావు కోరుకున్నాడు. దేవుడు మళ్లీ అగ్ని పంపలేదు. నిద్ర ఇచ్చాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. లేచి నడిచాడు.

ఇప్పుడు నలుగురం మిగిలాం. నాలుగింటికి లేవడం లేదు, అది మా వల్ల కాలేదు. సాయంత్రం చదువు మాత్రం వంతులవారీగా సాగుతోంది. గోడ మీద కాగితం అంటించుకున్నాం, ఏ వారం ఎవరిదో. రాలేనివాళ్లు ముందే ఇంకొకరికి చెప్పాలి. పిల్లలను "రేపు రా" అని పంపకూడదు, ఇదొక్కటే షరతు. ఆదివారం కూడికకు ముందు ఆ కాగితం చూసి, తప్పిన రోజులకు ఎర్ర గీత పెడతాం. ఎర్ర గీతలు ఉన్నాయి.

ఆ అమ్మాయి ఇంకా రావడం లేదు. ఆమె ఇంటికి రెండుసార్లు వెళ్లాం. రెండోసారి వాళ్ల నాన్న పీట వేసి కూర్చోబెట్టాడు. ఆమె తమ్ముడు మాత్రం వస్తున్నాడు, నాలుగో తరగతి. పోయిన మంగళవారం వాన పడి కరెంటు పోయింది. వచ్చింది వాడూ ఇంకొక పిల్లా. ఫోను వెలుతురులో ఏడో ఎక్కం చెప్పించాం. ఏడు ఎనిమిదుల దగ్గర వాడు ఆగిపోయాడు. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం.