దక్షిణారణ్యమున ఒక దినము

దేశాటనమువలన పాండిత్యము వృద్ధియగునని పెద్దలు చెప్పుదురు. నా విషయమున నది కొంత తఱిగినది. ఆ తఱుగుదలయే లాభమైనదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మేము బేగంపేటవాసులము. 2008 వఱకు విమానముల రొద, ఇప్పుడు తలపై మెట్రోరైళ్ళ రొద మాకు నిత్యసంగీతము. ఇరువది యేండ్లుగా పిల్లలకు అరణ్యకాండము బోధించుచున్న నేను అడవిని చూచి యెఱుగను. ఆ సిగ్గు బాపుకొనుటకు మొన్నటి మాఘమాసమున శ్రీశైలపు బాట పట్టి, తెలంగాణమునకు దక్షిణపుటంచున, కృష్ణకు ఈవలనున్న అమరాబాదు నల్లమలకు పోయితిని.

నిజాము ప్రభువుల వేటవిడిది ఫర్హాబాదు ఇచ్చటనే కలదు. నాడు వేటాడిన నేలయే నేడు రక్షణభూమి. 1983లో పులుల సంరక్షణ పథకమున చేరి, రాష్ట్రవిభజన పిమ్మట అమరాబాదు పేర వేఱై, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా వ్యాపించియున్నది. రాత్రివేళ బండ్ల రాకపోకల నాపి, మృగములకు బాట విడుతురు.

మన్ననూరు దాటిన పిదప చుక్కలదుప్పులును, కొండముచ్చులును కనిపించినవి, పులి కనిపింపలేదు. వెంట వచ్చిన చెంచు వృద్ధుడు దారిదుమ్ములో నొకచోటు చూపి, “రాత్రి బోయింది సారూ. ఆడది. నిమ్మలంగ నడిచింది” అనెను. నాకు దుమ్ము మాత్రమే కనిపించినది. సంస్కృతాంగ్లములు చదివితిని గాని, ఆ లిపిలో నేను నిరక్షరకుక్షిని.

అయినను ఊరకుండలేక, “మనుమలను పట్నము పంపి చదివింపరాదా? ఈ యడవిలో నేమున్నది?” అంటిని. ఆయన నవ్వి, “పిల్లలు సదవాలె సారూ. సదివి ఈడికే రావాలె. మల్లన్న మా అల్లుడు. అల్లుణ్ణి ఇడిచి యాడికి పోతం?” అనెను. శ్రీశైల మల్లికార్జునుడు చెంచుకన్యను పెండ్లాడెనని వారి విశ్వాసము.

అడవినుండి వెడలించుటయే ఉద్ధరణమని నేనిన్నాళ్ళు తలచితిని. పులికొఱకు వీరిని తరలింపవలెననువారును కలరు. తరలుటకు వారి యిష్టము కావలెనని 2006 నాటి చట్టమే చెప్పుచున్నది. కాని యడుగువాని చేత సొమ్మును, చెప్పువాని యింట లేమియు నున్నప్పుడు ఆ యిష్ట మెంత స్వేచ్ఛగలదో విచారింపవలదా? 2019లో యురేనియము త్రవ్వకముల మాట పుట్టినపుడు చెంచులు వలదని నిలిచిరి. ఆ సెప్టెంబరులో శాసనసభయు నట్లే తీర్మానించినది. అడవికి వీరు బరువో, కాపో చదువరులే నిర్ణయింతురు గాక.

మరునాడు తరగతిలో నొక బాలుడు, “పులిని చూచితిరా?” అని యడిగెను. “లేదు. దాని యడుగును చూపినను గుర్తింపలేకపోయితిని” అంటిని. పిల్లలు నవ్విరి. నేను వారింపలేదు.