మర్హూమ్ అనాలా, ఆంజహానీ అనాలా?

2020 సెప్టెంబరు 25 మధ్యాహ్నం చెన్నైలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పోయారు. ఆ వార్తను మేం రెండు భాషల్లో రాయాల్సివచ్చింది. తెలుగులో కలం ఆగలేదు. కన్నుమూశారు అన్నాం, ఆ గొంతు మూగబోయింది అన్నాం, ఆత్మకు శాంతి కలగాలి అన్నాం. ఉర్దూకి వచ్చేసరికి మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాం.

ఎందుకు ఆగామో తెలుగు పాఠకులకు చెప్పాలి. ఉర్దూ రాతలో పోయినవాళ్ల పేరుకు తగిలించే మాటలు రెండున్నాయి. పోయిన మనిషి ముస్లిం అయితే 'మర్హూమ్' అంటాం. అల్లా రహమ్ దక్కినవాడు అని అర్థం. ముస్లిం కాకపోతే 'ఆంజహానీ' అంటాం. ఆ లోకానికి పోయినవాడు అని అర్థం. ఆంజహానీ తిట్టేం కాదు, మర్యాదగల మాటే. కానీ మర్హూమ్‌లో దువా ఉంది. ఆంజహానీలో పోయాడన్న కబురు మాత్రమే ఉంది.

మేం మర్హూమ్ అనే రాశాం. పొద్దున పేపర్లో ఆంజహానీ అని వచ్చింది. దిద్దింది మాకు అక్షరాలు నేర్పినంత పెద్దమనిషి. "నీ నియ్యత్ మంచిదే మియాఁ. రేపు ఫోన్లొస్తే జవాబు ఎవరు చెప్తారు?" అన్నారు. మేం ఎదురు మాట్లాడలేదు. ఉద్యోగం, పెద్దరికం, అలవాటు, మూడూ కలిసి నోరు నొక్కేశాయి.

అదే రోజు ఎ.ఆర్. రెహమాన్ కూడా బాలుకు సంతాపం చెప్పాడు. రెండు మూడు ఇంగ్లీషు మాటలు, అంతే. ఆ రెండు మూడు మాటల మీద మా దోస్తులు రాత్రి ఒంటిగంట దాకా కొట్లాడుకున్నారు. ఒకడు ఇంత చిన్నగా రాస్తాడా అన్నాడు. ఇంకొకడు పోయినాయన ముస్లిం కాదు గదా, శాంతి కలగాలని ఎట్ల అంటాడన్నాడు. వేరే మతం దోస్తు ఒకాయన, "మీవాళ్లెవరైనా పోతే ఇంతకంటే ఎక్కువ రాసేటోడేమో" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మేమూ నవ్వినట్టు చేశాం.

రెహమాన్ మాకు ఉత్త సంగీత దర్శకుడు కాదు. 1992లో 'రోజా' వచ్చినప్పుడు మేం పన్నెండు పదమూడేళ్ల పిల్లలం. క్యాసెట్ కవరు మీద ఆ పేరు చూసి, మనోడేనట అని బడి అంతా చెప్పుకుని తిరిగాం. ఆ సినిమాలో మంచి పాటలన్నీ మా పేరున్నవాడివి. తుపాకులు పట్టుకున్న టెర్రరిస్టులూ మా పేర్లవాళ్లే, నమాజు చదువుతూ కనిపించిందీ వాళ్లే. పాట వస్తే తలెత్తేవాళ్లం, సీను వస్తే తల దించేవాళ్లం. ఆగస్టు 15న ఆ సినిమా తమిళంలో విడుదలైంది. నాలుగు నెలలు తిరగకుండా డిసెంబరు 6 వచ్చింది. తలెత్తడం, దించడం అప్పట్నుంచి మాకు ఇంటిపనే అయింది.

అందుకే అతను నోరు విప్పితే మేం చెవులు రిక్కిస్తాం. అతన్ని మాత్రం ఏ వైపు వాళ్లు వదిలారు? 2015 సెప్టెంబరులో, ప్రవక్త జీవితం మీద మజీద్ మజీదీ తీసిన సినిమాకి సంగీతం ఇచ్చాడని ముంబైలోని రజా అకాడమీ ఫత్వా తెచ్చింది. సినిమాకి దర్శకత్వం వహించలేదు, సంగీతమే ఇచ్చానని అతను ఎంతో వినయంగా జవాబు రాసుకున్నాడు. అదే అదనుగా విశ్వ హిందూ పరిషత్ వాళ్లు ఘర్ వాపసీకి రమ్మని పిలిచారు. ఇంట్లోవాళ్లు బయటికి నెడుతుంటే పక్కింటివాళ్లు రెక్క పట్టి లాగారన్నమాట. నువ్వు ఎక్కడుండదల్చుకున్నావు బాబూ అని అతన్ని అడిగింది ఎవరు?

2022 ఫిబ్రవరి 6న లతా మంగేష్కర్ పోయారు. రెహమాన్ ఆమెతో ఉన్న ఫోటో పెట్టి ప్రేమ, గౌరవం, ప్రార్థనలు అని మూడు మాటలు రాశాడు. మర్నాడు ఇరానీ హోటల్లో చాయ్ దగ్గర మళ్లీ అదే తగాదా.

"ప్రార్థనలేంది భయ్? ఆమె కోసం మనం మగ్‌ఫిరత్ అడగొచ్చా?" అన్నాడు జమాతుకి పోయొచ్చే దోస్తు.

"ఆయన పాటలు పాడింది గద భయ్. కృతజ్ఞత ఉండొద్దా?" అన్నాడు ఇంకొకడు.

"కృతజ్ఞత వేరు, దువా వేరు."

"నీకు వేరు. మా అమ్మీకి వేరు కాదు. లత పాట వస్తే అమ్మీ కళ్లు తుడుచుకుంటది. ఆ తడిలో దువా ఎంత, కృతజ్ఞత ఎంత, నువ్వు తూకం వేసి చెప్పు."

ఆ మాటకి బల్ల దగ్గర ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఇంకో తూకం దేశమంతా చూసింది. శివాజీ పార్కులో లత పార్థివదేహం ముందు షారుఖ్ ఖాన్ రెండు చేతులెత్తి దువా చదివాడు. మాస్కు కిందికి లాగి ఊదాడు. పక్కనే అతని మేనేజరు చేతులు జోడించి నిలబడింది. ఆ ఫోటో చూసి చాలామంది ఇదే మా దేశమని పొంగిపోయారు. కొందరు మాత్రం ఉమ్మేశాడన్నారు. ఉమ్మడమట! మా ఊళ్లో మగ్రిబ్ నమాజు కాగానే మసీదు గేటు దగ్గర తల్లులు పసిపిల్లల్ని ఎత్తుకుని నిలబడేవాళ్లు. నుదుట బొట్టున్న తల్లులే ఎక్కువ. జ్వరమొచ్చిందనో, రాత్రిళ్లు ఉలిక్కిపడుతున్నాడనో, నమాజు చదివి వచ్చేవాళ్లతో ఊదించుకునేవాళ్లు. మా అబ్బా ఎంతమంది పిల్లల నెత్తిన ఊదాడో లెక్కలేదు. ఆ ఊపిరి మీకు తెలియనిదా? మీ నెత్తిన పడ్డ ఊపిరిని మీరే ఉమ్మంటే మేం ఎవరికి చెప్పుకోవాలి?

అయితే ఈ తప్పు అవతలివాళ్లదే అని చేతులు దులుపుకోలేం. హోటల్లో మా దోస్తు వేసిన ప్రశ్నా, టీవీ ముందు వాళ్లు వేసిన ప్రశ్నా ఒకే చెట్టు కాయలు. ఆమె కోసం చదవొచ్చా అని మనోడు అడిగాడు. ఆమె ముందు ఎందుకు చదివాడని వాళ్లడిగారు. పోయిన మనిషిని వదిలేసి ఏడుస్తున్నవాడి గుర్తింపు కార్డు చూడటమే ఇద్దరి పనీ.

లత గురించి రెహమాన్ తర్వాత మాట్లాడింది మూడు మాటల కంటే ఎక్కువే. వాళ్ల నాన్న ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకు సంగీతం చేసేవాడు. 1976లో పోయాడు, అప్పటికి రెహమాన్‌కి తొమ్మిదేళ్లు. నాన్న మంచం పక్కన లత ఫోటో ఉండేదట. పొద్దున లేచి ఆ ముఖం చూసి రికార్డింగుకి పోయేవాడట. ఇంకోటి కూడా చెప్పాడు. ఒక కచేరీకి ముందు లత తన గదిలో, అంత వయసులో, ఒక్కతే కూర్చుని సాధన చేసుకోవడం విన్నాడట. అప్పట్నుంచి తానూ స్టేజీ ఎక్కేముందు సాధన చేయకుండా ఎక్కడం లేదన్నాడు.

మాకు ఇది సంతాపంలా వినపడలేదు. బాకీ ఒప్పుకున్నట్టు వినపడింది. మాలో జనాజా లేచేముందు కొడుకో తమ్ముడో నలుగురి ముందు నిలబడి అడుగుతాడు: పోయినవాడు ఎవరికైనా బాకీ ఉంటే చెప్పండి, మేం తీరుస్తాం, తీర్చలేనిదుంటే మాఫ్ చేయండి అని. పోయినవాడికి మనం పడ్డ బాకీ సంగతి మాత్రం ఎవరూ అడగరు. దాన్ని మనంతట మనమే ఒప్పుకోవాలి.

2024 జనవరిలో ఈ బాకీ లెక్క ఇంకోలా వచ్చింది. 'లాల్ సలామ్' సినిమా కోసం రెహమాన్ కృత్రిమ మేధతో ఇద్దరు పోయిన గాయకుల గొంతుల్ని మళ్లీ పాడించాడు. ఒకరు 2022లో పోయిన బంబా బాక్యా. రెండోవాడు తొంభైల్లోనే పోయిన షాహుల్ హమీద్. 'తిరుడా తిరుడా'లో కేవలం గొంతుల మీద నడిచిన పాట విన్నవాళ్లకి ఆ పేరు చెప్పక్కర్లేదు. మళ్లీ రెండు పక్షాలు. ఇది నివాళి అని కొందరు, చచ్చినవాళ్లని కూలికి పిలవడమని కొందరు. రెండు కుటుంబాల అనుమతీ తీసుకున్నానని, తగిన పైకం పంపానని రెహమాన్ చెప్పాడు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, అడక్కుండా బాలు గొంతు వాడుకున్నారని ఒక తెలుగు సినిమావాళ్లకి ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది.

మాకు ఆ పాట వింటే సంతోషమూ వేసింది, ఒళ్లూ జలదరించింది. షాహుల్ హమీద్ ఇంట్లోవాళ్లు సరేనన్నారు. కానీ షాహుల్ హమీద్‌ని అడగలేదు కదా! అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. గొంతుకి హక్కు ఉందని, ఆ హక్కు మట్టిలో కలిసిపోదని గుర్తించి ఇజాజత్ అడిగినవాడు, అడక్కుండా వాడుకున్నవాడు ఒకటి కాదు.

ఇంతకీ బాలుకి మేం పడ్డ బాకీ ఏమిటి?

ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. 'ణ' మా నోట్లో 'న' అయ్యేది, 'ళ' వచ్చి 'ల' అయ్యేది. ఒక అయ్యవారు మమ్మల్ని నిలబెట్టి 'కళ్లు', 'వాణి' అనిపించి క్లాసంతా నవ్వించేవాడు. తురకోడి తెలుగు అనేవాడు. ఇంటికొచ్చి టేప్ రికార్డరు ముందు కూర్చునేవాళ్లం. బాలు ఒక్కో అక్షరాన్ని ఎట్లా పలుకుతున్నాడో విని, క్యాసెట్ వెనక్కి తిప్పి, మళ్లీ విని, మేమూ పలికేవాళ్లం. 1996 నుంచి 'పాడుతా తీయగా' వస్తే పిల్లల పాటలకంటే ఆయన దిద్దే మాటల కోసం చూసేవాళ్లం. పాడేవాళ్ల తప్పుని నవ్వులపాలు చేయకుండా దిద్దొచ్చని మాకు ఆయన్ని చూశాకే తెలిసింది. ఈ రోజు మా తెలుగు చదివి, నువ్వు ముస్లింవంటే నమ్మలేం అనేవాళ్లున్నారు. అది మెప్పో అవమానమో ఇంకా తేల్చుకోలేదు. కానీ ఆ 'ళ' మాత్రం బాలు పెట్టిన భిక్ష. రఫీ అంటే తనకెంత ప్రాణమో ఆయన చెప్పుకోని సభ లేదు. ఉర్దూ నేర్చుకున్న ఆయన నోరూ, తెలుగు నేర్చుకున్న మా నోరూ ఎక్కడో చుట్టాలు.

మా అబ్బా పోయినప్పుడు, ఆయనతో ముప్పయ్యేళ్లు పనిచేసిన పంతులుగారు సంతాప సభలో లేచి "మా సాయిబుగారు పరమపదించారు" అన్నారు. వెనక వరసలో మావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పరమపదం వైష్ణవుల మాట. మాకు మాత్రం కోపం రాలేదు. తన దగ్గరున్న మాటల్లోకెల్లా గొప్పదాన్ని తీసి మా అబ్బాకి కప్పాడాయన. మేం బాలుకి మర్హూమ్ అని రాసిందీ అందుకే. మా ఇంట్లో ఉన్న మంచి దుప్పటి అదొక్కటే.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయారు. మర్నాడు అల్వాల్‌లో ఆ జనసంద్రంలో, దోస్తుని సాగనంపడానికి వచ్చిన 'సియాసత్' మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ గుండె ఆగి పోయారు. ఒక పాటగాడి కోసం వచ్చి ఒక ఉర్దూ పత్రికవాడు ప్రాణం వదిలాడు. ఆ రాత్రి ఇద్దరి గురించీ పక్కపక్కనే రాయాల్సివచ్చింది. మళ్లీ అదే ప్రశ్న. ఒకరికి మర్హూమ్, ఒకరికి ఆంజహానీ అని ఎట్లా విడదీయాలి? చేతులు రాక ఇద్దరికీ ఉత్త 'ఇంతెఖాల్' అని, అంటే పోయారని మాత్రమే రాశాం. తెలివిగా తప్పించుకున్నాం అనుకున్నాం. ఇద్దరికీ దువా ఎగ్గొట్టామని తర్వాత తెలిసింది.

అల్లా రహమ్ ఎవరికి దక్కుతుందో తేల్చే అధికారం ఏ డెస్కుకీ లేదు. అడిగే హక్కు మాకుంది. ఫోన్లొస్తే ఈసారి జవాబు మేమే చెప్తాం. ఆలస్యంగానైనా ఆ వార్తలో మొదటి వాక్యాన్ని మేం రాసినట్టే ఇక్కడ అచ్చు వేయిస్తున్నాం: మర్హూమ్ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం మాకు తెలుగు పలకడం నేర్పారు.