రాగి ఆవులించిందంటే...

మా రాగి రాత్రి పదకొండింటికి సోఫా కింద ఆవులిస్తే నిద్రొచ్చిందని అర్థం. లిఫ్ట్ ముందు ఆవులిస్తే మాత్రం భయమేస్తోందని. ఆవులింత ఒకటే, చోటుని బట్టి అర్థం మారిపోతుంది.

రాగి మా కొండాపూర్ వీధిలో పుట్టిన నాటు కుక్కే. ఏడాదిన్నర వయసులో ఇంటికి తెచ్చుకున్నాను. వీధిలో పెరిగినదానికి లిఫ్ట్ అంటే బోనే కదా! తలుపులు మూసుకుపోతాయి, తప్పుకోవడానికి చోటుండదు, పైనుంచి ఎవరో ఒకరు తల మీద చెయ్యి పెట్టబోతారు. ఓరోజు అలాగే చెయ్యి చాపిన పక్కింటి అంకుల్‌ని చూసి గుర్రుమంది. సాయంత్రానికల్లా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్. ‘నెల రోజుల్లో కుక్కని కంట్రోల్‌లో పెట్టండి, లేదంటే...’ ఆ చుక్కల తర్వాత ఏముందో వేరే చెప్పాలా?

ట్రైనర్‌ని పిలిపించాను. గుర్రుమన్న ప్రతిసారీ మెడ గొలుసు గట్టిగా గుంజమన్నాడు. “వారంలో నోరెత్తదు మేడమ్” అని గ్యారంటీ కూడా ఇచ్చాడు. నిజమే, ఎత్తదు. సర్వర్ పడిపోబోతోందని మోగే అలారం పీకేస్తే ఆఫీసులో కూడా భలే ప్రశాంతంగా ఉంటుంది! గుర్రుమంటే దెబ్బ పడుతుందని తెలిసిన కుక్క గుర్రుమనడం మానేస్తుంది, భయపడటం మానదు. తర్వాత ఎప్పుడో చెప్పాపెట్టకుండా కరుస్తుంది. ఆయనకి ఆ రోజు డబ్బులిచ్చి పంపేశాను.

పోర్చుగల్ పరిశోధకులు 92 పెంపుడు కుక్కల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. గుంజి, బెదిరించి నేర్పే చోట కుక్కలు ఎక్కువగా ఆవులించాయి, పెదాలు నాక్కున్నాయి. శిక్షణ అయ్యాక వాటి లాలాజలంలో కార్టిసాల్ కూడా ఎక్కువ పెరిగింది. నార్వే ట్రైనర్ ట్యూరిడ్ రూగాస్ ఇలాంటి సైగల మీద ఓ పుస్తకమే రాశారు. మొహం పక్కకి తిప్పుకోవడం, ముక్కు నాక్కోవడం, ఉన్నట్టుండి నేల వాసన చూడటం... గుర్రుమనడానికి ముందే కుక్క ఇన్ని రకాలుగా చెబుతుంది. మనం తోక ఒక్కటే చూస్తాం. ఊపితే సంతోషమే అనుకుంటాం. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా పెట్టి ఊపే కుక్క దగ్గరికి వెళ్లి చూడండి, తెలుస్తుంది! (వద్దులెండి, వెళ్లకండి.)

తాడేపల్లిగూడెం నుంచి అమ్మ వీడియో కాల్‌లో ఇదంతా విని నవ్వింది. “మనుషుల మూడే ఎవరికీ పట్టదు, నువ్వు కుక్క మూడ్ చూస్తున్నావా?” అంది. కాసేపాగి తనే, “మా అమ్మమ్మ కూడా గేదె చెవులు చూశాకే చెంబు పట్టుకుని కూర్చునేది. బెదిరిన గేదె చేపదు కదే. ఎంత పిండినా చుక్క రాలదు. కొత్తవాళ్లెవరైనా పక్కనుంటే అవతలికి పొమ్మనేది” అంది. నేను చదివిన వ్యాసాలన్నిటి సారం ఆ చెంబులోనే ఉంది.

మేం లిఫ్ట్‌కి పన్నెండడుగుల దూరంలో మొదలుపెట్టాం. తలుపు తెరుచుకోగానే ఉడికించిన చికెన్ ముక్క. తింటే సరే. తిండి మొహం చూడలేదంటే దాని బుర్రకి అప్పుడేమీ ఎక్కదని లెక్క, రెండడుగులు వెనక్కి. మూడు నిమిషాలు, అంతే. ఆఫీసులో రిలీజ్ ఉన్న రోజు సెలవు. నేను తాడు బిగించి పట్టుకుంటే చాలు, ఏదో ప్రమాదం ఉందని దానికి తెలిసిపోతుంది.

నెల తిరిగేసరికి ఖాళీ లిఫ్ట్‌లో ఎక్కుతోంది. ఎవరైనా ఉంటే తర్వాతదానికి ఆగుతాం. అంకుల్‌కి కూడా చెప్పాను, కళ్లలోకి చూడకుండా కాస్త పక్కకి తిరిగి నిలబడమని. పాపం, నిలబడుతున్నారు. గ్రూపులో మళ్లీ ఎవరూ ఏమీ అనలేదు.

దీపావళికి ఇంకా ఏడు వారాలుంది. ఫోన్‌లో టపాసుల చప్పుడు బాగా చిన్నగా పెట్టి వినిపిస్తున్నాను. నిన్న వాల్యూమ్ ఒక్క గీత పెంచగానే రాగి ముక్కు నాక్కుంది. తగ్గించేశాను.