ఎగరని విమానానికీ ఆయిల్ మార్చాలి

కలకత్తా గార్డెన్ రీచ్‌లో తెలుగు మాట చెవిన పడని రోజు ఉండదు. సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. 1955లో ఈ రైల్వే ఏర్పడినప్పటి నుంచి 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వేలో చేరేదాకా వాల్తేరు డివిజన్ దీని కిందే నడిచింది. బదిలీ మీద విశాఖ వైపు నుంచి వచ్చి హుగ్లీ ఒడ్డున ఉండిపోయిన కుటుంబాల్లో మాదీ ఒకటి.

నాది డీజిల్ లోకో షెడ్డు ఉద్యోగం. మా కాలనీ కుర్రాడు ఒకడు సెస్నా 152 మీద పైలట్ శిక్షణ పొందుతున్నాడు. సెలవులకు వస్తే "బాబాయ్, ఇంజన్ సంగతులు చెప్పు" అంటూ కూర్చుంటాడు. మా మాటలు ఎటు తిరిగినా ఆయిల్ దగ్గరికే చేరతాయి.

కారు ఆయిల్ విమానానికి పనికిరాదు. అందులోని డిటర్జెంట్లలో లోహపు లవణాలు ఉంటాయి. అవి కాలితే బూడిద మిగులుతుంది. గాలితో చల్లబడే విమానం ఇంజన్ కొంత ఆయిల్‌ను ఎప్పుడూ కాలుస్తూనే ఉంటుంది. ఆ బూడిద పిస్టన్ మీద, ప్లగ్గుల మీద పేరుకుని ఎర్రగా కాగితే, స్పార్క్ పడకముందే పెట్రోలు అంటుకుంటుంది. అందుకే విమానాలకు బూడిద మిగల్చని ‘యాష్‌లెస్ డిస్పర్సెంట్’ ఆయిల్ వాడతారు. కొత్త ఇంజన్‌కూ, ఓవర్‌హాల్ అయినదానికీ చాలావరకు మొదటి 50 గంటలు సాదా మినరల్ ఆయిల్ పోస్తారు. రింగులు సిలిండర్‌లో చక్కగా కుదురుకోవాలి కదా! డబ్బా మీద 100 అని ఉంటే అది కారు లెక్కలో ఎస్‌ఏఈ 50, 80 అని ఉంటే 40. మన ఎండలకు 100 సరిపోతుంది. చలీ ఎండా రెండూ చూసే విమానానికి 15డబ్ల్యూ-50 మల్టీగ్రేడ్ మేలు.

ఎప్పుడు మార్చాలన్నది అంతకన్నా ముఖ్యం. విమానం ఇంజన్లు తయారుచేసే లైకమింగ్ కంపెనీ సూచన ప్రకారం పూర్తి ఫిల్టర్ ఉంటే 50 గంటలకు, జాలీ మాత్రమే ఉంటే 25 గంటలకు, లేదా నాలుగు నెలలకు మార్చాలి. వీటిలో ఏది ముందు వస్తే అది. గంటల లెక్క అందరూ చూస్తారు, నెలల లెక్కే మరుస్తారు.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత రింగులు దాటి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ 82 డిగ్రీల దాకా వేడెక్కి కాసేపు ఎగిరితేనే ఆ తడి పోతుంది. నేల మీద ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే ఉన్న తడికి ఇంకొంత తోడవుతుంది. లైకమింగ్ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ పైభాగాన ఉంటుంది కనుక, నిలిపి ఉంచితే దాని మీది ఆయిల్ జారిపోయి లోహం బయటపడుతుంది, తడి తగిలి తుప్పు పడుతుంది. కలకత్తా వానాకాలంలో ఆవకాయ జాడీని ఎంత జాగ్రత్తగా కాచుకుంటామో, ఇక్కడ నిలిపి ఉంచిన విమానం ఇంజన్‌నూ అలాగే కాచుకోవాలి.

తీసిన ఆయిల్‌ను చూడకుండా పారబోయకూడదు. షెడ్డుల్లో శాంపిల్ ల్యాబ్‌కు పంపడం మాకు అలవాటు. ఇనుము పెరిగితే సిలిండరో క్యామో అరుగుతోంది. క్రోమియం పెరిగితే రింగులు, రాగి పెరిగితే బుష్‌లు. సిలికాన్ కనిపిస్తే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోందన్నమాట. ఈ పరీక్ష 1940ల్లో అమెరికా రైల్వేల డీజిల్ ఇంజన్లతో మొదలై, తర్వాత వాళ్ల నేవీ విమానాలకు చేరింది. రైలు నేర్పిన పాఠమే ఆకాశంలో పనికొచ్చిందంటే మా షెడ్డు మనుషులకు గర్వమే. ల్యాబ్ లేని చోట పాత ఫిల్టర్ కోసి, కాగితం మడతలు విప్పి మెరుపులు వెతకాలి. ముక్కలు కనిపిస్తే ఆ విమానం ఎగరకూడదు.

సెస్నా 152లో పట్టే ఆయిల్ ఆరేడు లీటర్లకు మించదు. ఆ ఖర్చుకు వెనుకాడితే తర్వాత ఇంజనే విప్పాల్సి వస్తుంది. పిల్లల్ని పైలట్ శిక్షణకు పంపిన తల్లిదండ్రులకూ, ఆ పిల్లలకూ నాదొక మనవి. లాగ్‌బుక్‌లో గంటలతో పాటు ఆయిల్ మార్చిన తేదీ కూడా చూడండి. నాలుగు నెలలు దాటి ఉంటే, విమానం ఎక్కే ముందే ఇంజనీర్‌ను అడగండి. అడగడం మీ హక్కు.