కాగితం ముందా, పని ముందా?

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి.

మా హాస్టల్ రూములో వారం నుంచి ఒకటే పంచాయితీ. ఐటీ వైపు పోదామనుకునేవాళ్లం నలుగురం ఉన్నాం. సర్టిఫికెట్ కోర్సుకు డబ్బు కట్టాలా, ఎక్కడన్నా పని నేర్చుకోవాలా అని.

పంచాయితీ మొదలైంది మా సీనియర్ అన్నతోని. పత్తి అమ్మిన పైసలు 20 వేలు కట్టి హైదరాబాద్‌లో నెట్‌వర్కింగ్ కోర్సు చేసిండు. ఇంటర్వ్యూకు పోతే తెలిసింది, చేతికిచ్చింది కోర్సు అయిపోయిందనే కాగితమే అని. సీసీఎన్‌ఏ అంటే సిస్కో కంపెనీ పెట్టే పరీక్ష, దానికి వేరే 300 డాలర్లు కట్టి రాయాలి. అయినా ఒక ప్రశ్న అడిగిండ్రట: "ఆఫీసులో ఒక సిస్టమ్‌కు నెట్ వస్తలేదు. ముందు ఏం చూస్తవ్?" అన్నకు ఓఎస్‌ఐ ఏడు లేయర్లు నోటికి వచ్చు. ఈ ప్రశ్నకు మాత్రం నోరు పెగల్లేదు.

అదే ప్రశ్న మాలో ఒకడిని అడిగితే టకటకా చెప్పిండు. కేబుల్ దగ్గర లైటు వెలుగుతుందా, పక్క సిస్టమ్‌కు నెట్ ఉందా, ఐపీ అడ్రస్ వచ్చిందా, రౌటర్‌కు పింగ్ పోతుందా. వాడు రెండు ఎండాకాలాలు ఇల్లందులో కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేసిండు. కానీ వాడు పంపిన ఆరు రెజ్యూమెలకు ఒక్క ఫోనూ రాలేదు.

అందుకే "స్కిల్ ఉంటే చాలు, సర్టిఫికెట్లు దండగ" అనే యూట్యూబ్ మాట మాకు పూర్తిగా ఎక్కలేదు. కంపెనీలో బాబాయో మేనమామో ఉన్నోళ్లకు అది నడుస్తది. మన పెద్దలు పోడు ఎన్నేళ్లు దున్నిండ్రు? 2006 అటవీ హక్కుల చట్టం వచ్చినాక కూడా, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే భూమి మీద ఉన్నామని రుజువు చూపించాల్సి వచ్చింది. 2023 జూన్‌లో పట్టాలు పంచేదాకా ఎదురుచూసిన ఇండ్లు మన గుంపుల్లో, తండాల్లో ఎన్ని లేవు! కాగితం విలువ మనకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

కాకపోతే వరస తప్పొద్దు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఇల్లందు మన పక్కనే కదా. గనిలో సర్దార్ సర్టిఫికెట్ కావాలంటే ముందు పనిచేసిన అనుభవం చూపించాలి, ఆ తర్వాతే పరీక్ష. సీసీఎన్‌ఏకు ఆ రూల్ లేదు, డబ్బు కడితే ఎవరైనా కూర్చోవచ్చు. రెడ్ హ్యాట్ వాళ్ల లైనక్స్ పరీక్ష నయం, ఆప్షన్లు ఉండవు, సిస్టమ్ ముందు కూర్చోబెట్టి పని చేసి చూపించమంటరు.

ఇప్పటికి మేము 20 వేలు ఎక్కడా కట్టట్లేదు. ఎన్‌పీటెల్‌లో కోర్సు ఫ్రీ, పరీక్షకే ఫీజు, ఎస్టీలకు అందులో రాయితీ కూడా ఉంది. అది రాస్తాం. వార్డెన్ సార్‌ను అడిగి మూలకు పడి ఉన్న రెండు పాత సిస్టమ్‌లకు లైనక్స్ ఎక్కించినం, ఒకటి లేచింది. చేసిన ప్రతి రిపేరూ తేదీ వేసి నోటుబుక్కులో రాస్తున్నాం. షాపు ఓనర్ అన్న దగ్గర అనుభవం లెటర్ తెచ్చుకో అని మావోడికి చెప్పినం. సిగ్గుపడుతుండు, పండగకు ఊరికి పోయినప్పుడు అడుగుతడంట.

టేకులపల్లి, ఇల్లందు, కొత్తగూడెం వైపు సెలవుల్లో పని నేర్పే షాపులు తెలిస్తే కింద రాయండి. జీతం లేకున్నా పర్లేదు, బస్సు చార్జీలు ఇస్తే చాలు.